కార్డు మార్చుదాం... ఆట పోకుండా!

సెలవులొచ్చాయంటే పిల్లలున్న ఇంట్లో పంచాయతీలకు కొదవుండదు. అందులో ఈమధ్య తరచూ వినిపించేది ఒకటుంది. చేతిలో ఇమిడే వీడియోగేమ్ ఒక్కటే. ఆడేవాళ్లు ఇద్దరు. కొత్త ఆట వేద్దామని అన్న బటన్ నొక్కగానే తెర మీద ఓ చిన్న పెట్టె ప్రత్యక్షమవుతుంది... 'చోటు లేదు' అని! 'నీ పాత ఆట తీసేద్దాం' అంటాడు అన్న. 'మూడు నెలలు ఆడి ఇంతదూరం వచ్చాను, ఎట్లా తీసేస్తావు?' అని చెల్లి ఏడుపు. గొడవ అమ్మ దగ్గర మొదలై, నాన్న దగ్గర తేలుతుంది. 'పెద్ద కార్డు కొనిస్తాలే, ఊరుకోండి' అన్నదే తీర్పు.

తీర్పు చెప్పడం సులువే. అమలు చేయడంలోనే ఉంది చిక్కంతా. ఏ కార్డు కొనాలి? అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది? పాత కార్డులో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి ఎలా వెళ్తాయి? వేలిగోరంత ముక్కే కదా అని తీసి, పెట్టి, 'ఫార్మాట్ చేయాలా?' అని అడిగితే 'సరే' నొక్కేస్తే... నెలల తరబడి ఆడినదంతా రెండు క్షణాల్లో మాయం. పెద్దవాళ్లకది ఆటే కావచ్చు. పదేళ్ల పిల్లకు మాత్రం అది తన కష్టార్జితం.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... బెంగళూరు నుంచి వచ్చే రైలు మార్గంలో వరసగా తగిలే ఊళ్లు. ఇలాంటి ఊళ్లలో పిల్లల చేతికి వీడియోగేమ్ వచ్చే దారి సాధారణంగా ఒకటే. బెంగళూరులో ఉద్యోగం చేసే మేనమామో, విదేశం నుంచి వచ్చిన చిన్నాయనో తెచ్చిస్తాడు. తెచ్చినాయన రెండ్రోజులుండి వెళ్లిపోతాడు. ఆ తర్వాత కార్డు నిండినా, బ్యాటరీ ఉబ్బినా చూసుకోవాల్సింది ఇంట్లోవాళ్లే. అందుకే ఈ వారం ఆ చిన్న ముక్క సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం.

ధర్మవరానికి కొత్తేమీ కాదు

మెమరీ కార్డు అంటే ఏమిటో ధర్మవరంలో జకార్డు మగ్గం నేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మగ్గం మీద వేలాడే అట్టల దండ చూశారుగా! చీర అంచులో హంస రావాలా, కొంగులో మామిడిపిందె రావాలా అన్నది ఆ అట్టల్లోనే రాసి ఉంటుంది. రాత అంటే అక్షరాలు కావు, చిల్లులు. చిల్లు ఉన్నచోట కొక్కెం కదిలి పడుగు పోగు పైకి లేస్తుంది. చిల్లు లేనిచోట పోగు కిందే ఉండిపోతుంది. ఒక పేక పోగు దూరడానికి ఒక అట్ట. అలా వందలు, వేల అట్టలు వరసగా తిరిగితే డిజైన్ పూర్తవుతుంది. అందులో ఒక అట్ట చిరిగినా, వరస తప్పినా హంస మెడ విరిగిపోతుంది.

ఫ్రాన్స్‌లో జోసెఫ్ మేరీ జకార్డ్ 1804లో రూపొందించిన పద్ధతి ఇది. ఆయన బొమ్మనే పట్టు గుడ్డ మీద ఈ పద్ధతిలో 1839లో నేశారు. దానికి పట్టిన అట్టలు దాదాపు 24 వేలు! కంప్యూటర్‌కు ఆద్యుడనిపించుకున్న ఛార్లెస్ బాబేజ్ ఆ పట్టుబొమ్మను తన ఇంట్లో పెట్టుకుని, వచ్చినవాళ్లకు చూపించేవాడు. 1890లో అమెరికా జనాభా లెక్కల్ని హెర్మన్ హోలరిత్ తయారుచేసిన యంత్రాలతో లెక్కించారు. వాటిలోకి వివరాలు వెళ్లిందీ చిల్లుల కార్డుల మీదుగానే. ఆయన పెట్టిన సంస్థ మరికొన్నింటితో కలిసి, 1924 నుంచి ఐబీఎం అన్న పేరుతో ప్రపంచానికి తెలిసింది.

ఈనాటి మెమరీ కార్డులో చిల్లులుండవు. కోట్లాది అతి చిన్న గదులుంటాయి. ఒక్కో గదిలో ఎంత విద్యుదావేశం ఉందన్నదే అక్కడి రాత. కరెంటు తీసేసినా ఆ ఆవేశం గదిలోనే నిలిచి ఉంటుంది. అందుకే కార్డును బయటికి తీసి జేబులో వేసుకున్నా అందులోవి పోవు. ఈ 'ఫ్లాష్' మెమరీని తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువొకా 1980లలో కనిపెట్టాడు. మగ్గాల్లోనూ ఆ మార్పు వచ్చేసింది. ఎలక్ట్రానిక్ జకార్డుకు అట్టల దండ ఉండదు. డిజైన్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కిస్తే చాలు. అంటే నాయన మగ్గానికీ, కొడుకు వీడియోగేమ్‌కూ ఒకే రకం జ్ఞాపకం!

ఏ గేమ్‌కు ఏ కార్డు?

'ఏదో ఒక మెమరీ కార్డు ఇవ్వండి' అని కొనడం చెప్పుల దుకాణానికెళ్లి 'ఏదో ఒక సైజు ఇవ్వండి' అన్నట్టే ఉంటుంది. ముందు మీ ఇంట్లో ఉన్న గేమ్ పేరు చూడండి.

సోనీ పీఎస్‌పీ: 2004 డిసెంబరులో జపాన్‌లో విడుదలైంది. మన దగ్గరా చాలామంది పిల్లలు దీంతోనే మొదలుపెట్టారు. అప్పట్లో కొన్ని ప్యాక్‌లతో ఇచ్చిన కార్డు సామర్థ్యం 32 ఎంబీ మాత్రమే. ఇప్పటి 32 జీబీ కార్డులో వెయ్యో వంతు! ఆటలు డిస్కులో ఉండేవి కాబట్టి, ఎక్కడిదాకా ఆడారో గుర్తుంచుకోవడానికి అది సరిపోయేది. ఆటల్నే కార్డులోకి దించుకోవడం మొదలయ్యాక చాల్లేదు. దీనికి కావాల్సింది మెమరీ స్టిక్ ప్రో డ్యుయో. మామూలు ఎస్‌డీ కార్డు ఇందులో పట్టదు. మెమరీ స్టిక్‌లు ఇప్పుడు దొరకడం కష్టం. అందుకని మైక్రో ఎస్‌డీ కార్డును లోపల పెట్టుకునే అడాప్టర్లు వాడుతున్నారు. అడాప్టర్‌లో పెట్టిన కార్డును గేమ్‌లోనే ఫార్మాట్ చేసి, ఆ తర్వాతే అందులోకి ఏదైనా ఎక్కించాలి.

పీఎస్ విటా: 2011లో వచ్చింది. దీనికి సోనీ ప్రత్యేకంగా చేసిన కార్డులే పనికొస్తాయి. వాటిని కంప్యూటర్‌కు తగిలించి నేరుగా తెరవడం కుదరదు. అందులోవి దాచుకోవాలంటే సోనీ ఇచ్చిన కంప్యూటర్ ప్రోగ్రామ్ ద్వారానే.

నింటెండో 3డీఎస్: ఇదీ 2011దే. మొదటి రకానికి పెద్ద ఎస్‌డీ కార్డు. 2014 తర్వాత వచ్చిన 'న్యూ' రకాలకు మైక్రో ఎస్‌డీ. అది వెనక మూత కింద ఉంటుంది. చిన్న స్క్రూడ్రైవర్ కావాలి. కంపెనీ చెప్పిన పరిమితి 32 జీబీ.

నింటెండో స్విచ్: 2017 మార్చి 3న విడుదల. లోపల ఉన్న చోటు 32 జీబీ. సొంత సాఫ్ట్‌వేర్ పోగా ఆటలకు మిగిలేది సుమారు 26 జీబీ. 'జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్' ఒక్కటే దాదాపు 14 జీబీ, 'మారియో కార్ట్ 8 డీలక్స్' దాదాపు 7 జీబీ. ఇంకెక్కడిది చోటు! 2021లో వచ్చిన ఓలెడ్ రకంలో దాన్ని 64 జీబీ చేశారు. ఏ రకానికైనా మామూలు మైక్రో ఎస్‌డీ కార్డు సరిపోతుంది. 64 జీబీ, అంతకంటే పెద్ద కార్డులకు గేమ్ ఒకసారి ఇంటర్నెట్ నుంచి చిన్న అప్‌డేట్ అడగొచ్చు.

నింటెండో స్విచ్ 2: 2025 జూన్ 5న వచ్చింది. ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. దీని ఆటలు దాచాలంటే 'మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్' కార్డే కావాలి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. తిప్పి చూస్తే ఎక్స్‌ప్రెస్ కార్డుకు బంగారు రంగు పిన్నులు రెండు వరసలుంటాయి. ముందువైపు 'ఈఎక్స్' అన్న గుర్తుంటుంది. పాత స్విచ్‌లో వాడిన కార్డును ఇందులో పెడితే అందులోని ఫొటోలు, వీడియోలు చూసుకోవచ్చు. అంతకుమించి పనికిరాదు. అయితే దీని లోపలే 256 జీబీ ఉంది. కాబట్టి కొన్న రోజే కార్డు కోసం పరిగెత్తక్కర్లేదు.

కార్డు మీద ఆ అంకెలేంటి?

మైక్రో ఎస్‌డీ కార్డు 15 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక మిల్లీమీటరు మందం. అంత చిన్న చోట ఐదారు గుర్తులు ముద్రిస్తారు. అవన్నీ తెలియక్కర్లేదు. కొన్ని చాలు.

ఎస్‌డీ, హెచ్‌సీ, ఎక్స్‌సీ: ఇవి సైజు తరగతులు. వట్టి ఎస్‌డీ అంటే 2 జీబీ వరకు. హెచ్‌సీ అంటే 32 జీబీ వరకు. ఎక్స్‌సీ అంటే అంతకు మించి, 2 టీబీ దాకా. పాత పరికరాలకు ఎక్స్‌సీ కార్డు అర్థం కాకపోవచ్చు. అది కార్డు తప్పు కాదు.

సీ10, యూ1, యూ3: సెకనుకు కనీసం ఎంత రాయగలదో చెప్పే గుర్తులు. మొదటి రెండూ 10 ఎంబీ. యూ3 అంటే 30 ఎంబీ. ఇది వీడియో తీసే కెమెరాలకు ముఖ్యం. ఆటలకు రాసే వేగం కన్నా చదివే వేగం ముఖ్యం.

ఏ1, ఏ2: చిన్న చిన్న ముక్కల్ని ఎంత చకచకా వెతికి తీయగలదో చెబుతాయి. ఏ1 అంటే సెకనుకు కనీసం 1500 సార్లు చదవాలి, 500 సార్లు రాయాలి. స్విచ్ లాంటివాటికి యూ1 లేదా యూ3 గుర్తున్న, ఏ1 కార్డు చాలు. ఇంకా ఖరీదైనది కొన్నా గేమ్ తనకు చేతనైన వేగంతోనే చదువుతుంది.

ఇక అందరికీ వచ్చే అనుమానం. 128 జీబీ అని కొంటే కంప్యూటర్‌లో 119 అనే చూపిస్తుంది. మోసపోయామా? లేదు. కంపెనీ లెక్కలో ఒక జీబీ అంటే 100 కోట్ల బైట్లు. కంప్యూటర్ లెక్కలో 107 కోట్ల పైచిలుకు. శేరుకూ కిలోకూ ఉన్న తేడాలాంటిదే. సరుకు తగ్గలేదు, తూకం రాయి మారింది.

ఎంత సైజు కొనాలి? ఇంట్లో ఉన్న ఆటల సైజులన్నీ కాగితం మీద రాసి కూడండి. దానికి రెండింతలు వేసుకోండి. చాలా ఇళ్లకు 128 సరిపోతుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే 256. '1 టీబీ ఎందుకైనా మంచిది' అనుకోవడం మాత్రం ముగ్గురున్న ఇంటికి పెళ్లి గుండిగ కొన్నట్టే.

చవగ్గా వచ్చిందా... అయితే చూసుకోండి

హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్లే. పొద్దున రైలెక్కితే సాయంత్రానికి సరుకుతో తిరిగి రావచ్చు. ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే ఇంటికే వస్తుంది. ఎక్కడ కొన్నా సరే, పేరున్న కంపెనీ ధరలో నాలుగో వంతుకే పెద్ద కార్డు ఇస్తున్నారంటే ఒక్క క్షణం ఆగండి.

నకిలీ కార్డుల్లో మోసం భలే తెలివిగా ఉంటుంది. లోపలి చిప్ సామర్థ్యం 32 జీబీయే. కానీ అడిగినప్పుడు '512' అని చెప్పేలా దాన్ని మారుస్తారు. కంప్యూటర్ నమ్ముతుంది. గేమ్ నమ్ముతుంది. మీరూ నమ్ముతారు. మొదటి 32 జీబీ నిండేవరకు అంతా బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఎక్కించినవి పాతవాటి మీదే పడతాయి, లేదా ఎక్కడికీ పోకుండా గాల్లో కలిసిపోతాయి. పేర్లు కనిపిస్తాయి, తెరిస్తే ఏమీ ఉండదు. ఈలోపు కొని రెండు నెలలై ఉంటుంది. బిల్లు ఎక్కడో పోయి ఉంటుంది. దుకాణం అబ్బాయి 'మీ గేమ్‌లోనే ఏదో ఉంది సార్' అంటాడు.

దీనికి మందు ఒక్కటే. కొన్న రోజే కార్డును అంచుల దాకా నింపి, మళ్లీ చదివి చూడటం. ఆ పని తనంతట తానే చేసే ఉచిత ప్రోగ్రాములున్నాయి. విండోస్ కంప్యూటర్‌కు 'హెచ్2టెస్ట్‌డబ్ల్యూ', లినక్స్‌కు 'ఎఫ్3' బాగా పేరున్నవి. కాస్త ఓపిక కావాలి. సెకనుకు 20 ఎంబీ వేగంతో 128 జీబీ నింపడానికే గంటా ముప్పావు పడుతుంది. చదవడానికి ఇంకొంత. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నే ఫలితం చూసుకోవచ్చు. ఇంట్లో కంప్యూటర్ లేదంటే తెలిసినవాళ్ల ఇంట్లోనైనా చేయించండి. పరీక్ష అయ్యేదాకా ప్యాకెట్‌నూ బిల్లునూ పారేయొద్దు. పాత కార్డులోవి చెరపనే వద్దు.

పెనుకొండ తరలింపు

1565లో రక్కసి తంగడి యుద్ధంలో రామరాయలు నేలకొరిగాక, ఆయన తమ్ముడు తిరుమలరాయలు హంపీ విడిచి పెనుకొండకు రాజధాని మార్చాడు. ఖజానాను, రాజచిహ్నాలను 550 ఏనుగుల మీద ఎక్కించుకుని వెళ్లాడని రాబర్ట్ సెవెల్ 1900లో వచ్చిన తన గ్రంథంలో రాశాడు. ఊరు పోయినా ఖజానా దక్కింది కాబట్టే విజయనగర రాజ్యం ఆ తర్వాతా పేరుకు నిలిచింది. ఎక్కించుకోకుండా మిగిలిపోయినదంతా కొల్లగొట్టేవాళ్ల పాలైంది.

కార్డు మార్చడంలోనూ అసలు పని కొనడం కాదు, తరలింపే. ఏనుగులు అక్కర్లేదు గానీ వరస తప్పకూడదు. స్విచ్ ఉన్న ఇంట్లో ఇలా చేయండి.

ఒకటి: గేమ్‌ను పూర్తిగా ఆపేయండి. తెర ఆరిపోయినంత మాత్రాన ఆగినట్టు కాదు, అది కునుకు మాత్రమే. పవర్ బటన్ మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే వచ్చే పట్టీలో 'ఆపు' అన్నదాన్ని ఎంచుకోవాలి. ఆన్‌లో ఉండగా కార్డు లాగితే రాస్తున్న ఫైలు సగంలో తెగిపోవచ్చు.

రెండు: పాత కార్డు తీసి కంప్యూటర్‌కు తగిలించండి. అందులో 'నింటెండో' అన్న ఫోల్డర్ ఉంటుంది. దాన్ని మొత్తంగా కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. లోపలికెళ్లి 'ఇది అవసరం, ఇది కాదు' అని ఏరొద్దు. 'కట్' అసలే చేయొద్దు, 'కాపీ' మాత్రమే. మధ్యలో కరెంటు పోతే కట్ చేసినవి అటూ ఇటూ కాకుండా పోయే ప్రమాదముంది.

మూడు: కొత్త కార్డును ముందు గేమ్‌లో పెట్టి అక్కడే ఫార్మాట్ చేయండి. ఏ పరికరంలో వాడతామో అందులోనే ఫార్మాట్ చేయడం మంచి అలవాటు. ఆ సమయంలో లోపల ఉన్నది కొత్త కార్డేనా అని ఇంకోసారి చూసుకోండి!

నాలుగు: గేమ్‌ను మళ్లీ ఆపి, కొత్త కార్డును కంప్యూటర్‌కు తగిలించి, దాచిన ఫోల్డర్‌ను అందులోకి కాపీ చేయండి.

ఐదు: కార్డును గేమ్‌లో పెట్టి ఒక్కో ఆటనూ తెరిచి చూడండి. ఏదైనా తెరుచుకోకపోతే ఖంగారు పడొద్దు. కొన్న ఆటయితే అదే ఖాతాతో మళ్లీ దించుకోవచ్చు.

ఒక హెచ్చరిక. స్విచ్ కార్డు ఏ గేమ్‌లో నిండిందో ఆ గేమ్‌కే కట్టుబడి ఉంటుంది. మామయ్య ఇంటి కార్డు తెచ్చి మన గేమ్‌లో పెడితే అందులోని ఆటలు నడవవు. అది మళ్లీ ఫార్మాట్ అడుగుతుంది. 'సరే' అంటే మామయ్య పిల్లల ఆటలూ పోతాయి.

పీఎస్‌పీకైతే ఇంకా సులువు. మెమరీ స్టిక్ పట్టే రీడర్ లేకపోయినా ఫర్వాలేదు. గేమ్‌నే యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి కార్డులో ఉన్న ఫోల్డర్లన్నీ కాపీ చేసుకోవచ్చు. ఫొటోల ఫోల్డర్‌ను మరవొద్దు. పదిహేనేళ్ల కిందటి కార్డుల్లో ఆటల పక్కన ఇంటి ఫొటోలూ ఉంటాయి. ఆ ఫొటోల్లో ఉన్న అవ్వ ఇప్పుడు లేకపోవచ్చు. ఆ ఫొటోకు ఇంకో ప్రతి ఎక్కడా లేకపోవచ్చు.

అన్న గెలవాలని చెల్లి ఓడక్కర్లేదు

'ఆట', 'ఆడినంత మేర'... ఇవి రెండూ వేర్వేరు వస్తువులు. ఇంట్లో జరిగే సగం గొడవలు ఇది తెలియకే. ఆట అంటే పుస్తకం. ఆడినంత మేర అంటే పుస్తకంలో పెట్టిన గుర్తు. పుస్తకం చోటు ఎక్కువ తింటుంది, గుర్తుకు ఇంత చోటు చాలు.

స్విచ్‌లో ఆటలు కార్డులో ఉంటాయి, గుర్తులు మాత్రం గేమ్ లోపలి మెమరీలోనే ఉంటాయి. కాబట్టి కార్డు పోయినా గుర్తు పోదు. చోటు కోసం చెల్లి ఆటను తీసేసినా ఆమె ఆడినదంతా భద్రంగా ఉంటుంది. మళ్లీ ఆ ఆట దించుకున్న రోజున ఆపినచోటి నుంచే మొదలవుతుంది. 'ఆడిన వివరాలు తీసేయి' అన్నది వేరే పట్టీ. దాని జోలికి వెళ్లకపోతే చాలు. ఈ ఒక్క ముక్క పిల్లలిద్దరికీ కూర్చోబెట్టి చెబితే కొత్త కార్డు కొనే ఖర్చు కూడా కొన్నాళ్లు వాయిదా పడొచ్చు.

అయితే అన్ని గేమ్‌లూ ఇలా ఉండవు. పీఎస్‌పీలో గుర్తులు కార్డులోనే ఉంటాయి. 3డీఎస్‌లో దించుకున్న ఆటల గుర్తులూ కార్డులోనే. అక్కడ కార్డు పోతే అంతా పోయినట్టే. పైగా 3డీఎస్ ఆన్‌లైన్ దుకాణంలో 2023 మార్చి 27 నుంచి అమ్మకాలు ఆపేశారు. అంతకుముందు కొన్నవాటిని మళ్లీ దించుకునే వీలు ఉంచారు గానీ, ఎన్నాళ్లుంటుందో గడువు చెప్పలేదు. అలాంటి గేమ్ ఇంట్లో ఉంటే కార్డు నిండినా నిండకపోయినా ఈ ఆదివారమే కంప్యూటర్‌లోకి ఒక కాపీ తీసి పెట్టండి.

'పదివేల ఆటల' బొమ్మ సంగతి

ఈమధ్య చవకలో దొరికే చిన్న గేమ్‌లు కొన్ని వస్తున్నాయి. 'పదివేల ఆటలు' అని పెట్టె మీదే ఉంటుంది. ఒకప్పటి 'బ్రిక్ గేమ్' మీద 9999 ఆటలని రాసినట్టే! వీటిలో చాలావాటికి ఆటలే కాదు, గేమ్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ కూడా కార్డులోనే ఉంటుంది. ఇచ్చిన కార్డు పేరూ ఊరూ లేనిదైతే అది చెడిపోయిన రోజున గేమ్ మొత్తం మూగబోతుంది.

ఇక్కడ ఫోల్డర్లు కాపీ చేస్తే పని జరగదు. కార్డు లోపల కంప్యూటర్‌కు కనిపించని భాగాలు కూడా ఉంటాయి. కార్డు మొత్తాన్ని అచ్చుగుద్దినట్టు 'ఇమేజ్' తీసి, దాన్ని కొత్త కార్డు మీద దించాలి. కంప్యూటర్ బాగా తెలిసిన పిల్లలకు ఇది అరగంట పని. తెలియకపోతే తెలిసినవాళ్ల చేత చేయించండి. ఇంకో మాట. ఆ పదివేల ఆటల్లో చాలావరకు సొంతదారుల అనుమతి లేకుండా ఎక్కించినవే. అవి పోతే మళ్లీ ఇమ్మని అడగడానికి ఎవరూ ఉండరు. డబ్బు పెట్టి కొన్న ఆటకు ఖాతా ఉంటుంది, ఖాతాకు పాస్‌వర్డ్ ఉంటుంది. ఆ పాస్‌వర్డ్ మేనమామ ఫోన్‌లో కాకుండా ఇంట్లో డైరీలో రాసి ఉందా? ముందది చూసుకోండి. కార్డు పోతే ఇంకోటి కొనొచ్చు, ఖాతా పోతే కొన్నవన్నీ పోతాయి.

పాత కార్డును ఏం చేయాలి?

వెంటనే చెరిపి ఫోన్‌లో వేసుకోవాలని చెయ్యి దురద పెడుతుంది. ఓ నెల ఆగండి. కొత్త కార్డు సరిగా పనిచేస్తోందని నమ్మకం కుదిరాకే దాని జోలికి వెళ్లండి. ఆ నెలా దాన్ని చిన్న కవర్లో వేసి, మీద తేదీ, 'ఏ గేమ్‌ది' అన్న సంగతి రాసి బీరువాలో పెట్టండి. చొక్కా జేబులో, పర్సులో, చిల్లర డబ్బాలో వద్దు. ఇంత చిన్న వస్తువు పోయేది చెడిపోయి కాదు, కనిపించక.

అలాగని ఏళ్ల తరబడి దాచి నిశ్చింతగా ఉండటమూ కుదరదు. ఫ్లాష్ మెమరీ గదుల్లోని ఆవేశం కాలం గడిచేకొద్దీ మెల్లగా కారిపోతుంది. చెరిపి రాయడానికీ ఒక లెక్కుంటుంది, ఆ తర్వాత గదులు అరిగిపోతాయి. అందుకే ముఖ్యమైనవి ఎప్పుడూ రెండుచోట్ల ఉండాలి. ఒకటి కార్డులో, ఇంకోటి కంప్యూటర్‌లోనో హార్డ్ డిస్కులోనో. ఈ సూత్రం గేమ్‌కే కాదు, ఫోన్‌లో ఉన్న పెళ్లి ఫొటోలకూ, కెమెరాలో ఉన్న పుట్టినరోజు వీడియోకూ వర్తిస్తుంది.

మగ్గం నుంచి దించిన అట్టలను నేతగాళ్లు పారేయరు. వరస చెదరకుండా దారంతో కట్టి, ఎలుకలు కొట్టనిచోట అటక మీద పెడతారు. ఆ డిజైన్ కావాలని మళ్లీ ఎవరైనా రావచ్చు కదా! అలాంటి కట్ట ఇంట్లో ఉంటే పిల్లల్ని ఒకసారి అటక ఎక్కించి చూపించండి. కార్డు మార్చేటప్పుడు ఇంత జాగ్రత్త ఎందుకో వాళ్లకే తెలుస్తుంది.